వెలిగండ్లపాలెం ఏసీలో నాలుగు వీధులు

వెలిగండ్లపాలెం రైతు సహకార కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లకూ, చలి కొలిచే సెన్సర్లకూ ఐపీ నెంబర్లు కేటాయించే కార్యక్రమం పాలకవర్గం సమక్షంలో, పూర్తి ప్రజాస్వామ్య పద్ధతిలో, రెండు రకాల స్వీట్లతో జరిగింది. ఈ చారిత్రక ఘట్టానికి తీర్మానాలు రాసిపెట్టే అదృష్టం కార్యదర్శి వేణుగోపాల్‌ది.

మిర్చి పండించే ఊళ్ళో పుట్టినవాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు. ధర బాగాలేకపోతే రైతు సరుకును టిక్కీలకు, అంటే గోతాలకెత్తి ఏసీలో పెడతాడు. కోల్డ్ స్టోరేజీని ఇటువైపు ఏసీ అనే అంటారు. లోపల చలి తగ్గిందంటే కాయకు బూజు పడుతుంది, ఎరుపు పోయి తాలవుతుంది. వేణుగోపాల్ ఎదురింటి కోటేశ్వరి కౌలుచేలో పండించిన తేజ మిర్చి మొత్తం మూడో చాంబర్లో ఉంది. నరసరావుపేట రోడ్డులో ప్రైవేటు ఏసీలో పెట్టబోతుంటే, "మన సొసైటీ ఉండగా బయటెందుకక్కా? నాది పూచీ" అని ఇక్కడ పెట్టించింది వేణుగోపాలే. ఆమె ఏడాది కష్టమంతా ఆ గదిలోనే ఉంది.

చాంబర్లో వేడి పెరిగితే సెన్సర్ ఆ సంగతి ఆఫీసు కంప్యూటర్‌కి చెప్పాలి. అది వెంటనే మెషీన్ రూం ఆపరేటర్ సిలార్ ఫోన్ మోగించాలి. ఇంతకు మించి ఈ పథకంలో ఏమీ లేదు. అందుకే దాన్ని సరిదిద్దాల్సిన అవసరం పాలకవర్గానికి కనబడింది.

మంగళగిరి నుంచి వచ్చిన ఇంజినీరు అనూష గోడకి ఒక కాగితం అంటించింది. ఒకటో నెంబరు రౌటర్‌కి. ఇరవై నాలుగు అధ్యక్షుల కంప్యూటర్‌కి.

"తలుపు పక్కన మేకుకి వేలాడే డబ్బాకి ఒకటీ, నాకు ఇరవై నాలుగూనా?" అన్నారు అధ్యక్షులు మార్కండేయులు గారు. ఆయన కోపగించుకోలేదు. నొచ్చుకున్నారు. అది ఇంకా ప్రమాదం. కారు నెంబరు కోసం వేలంపాటలో పోటీపడి, చివరికి కారు కొనడమే ఆలస్యం చేసుకున్న మనిషి.

మీరు నవ్వుతున్నారు. మీ బండి నెంబరు కూడితే ఎంతొస్తుందో చెప్పి, ఆ తర్వాత నవ్వండి.

ఒకటో నెంబరును అధ్యక్షులకు కేటాయిస్తూ చేసిన తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. "ఇది నాకు అలంకారం కాదు, భారం" అని మార్కండేయులు గారు గద్గదస్వరంతో ప్రసంగించారు. "ఆ భారాన్ని మీ అందరి కోరిక మేరకు, మరెవరి మీదా పడనివ్వకుండా, తుదిశ్వాస వరకూ నేనే మోస్తానని మాటిస్తున్నాను!"

తర్వాత డైరెక్టర్ల వంతు. కూడితే తొమ్మిది వచ్చే నెంబర్లన్నీ క్షణాల్లో అయిపోయాయి. ఎనిమిది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉపాధ్యక్షుడు చైతన్యకృష్ణ తనకు తొమ్మిది వందల తొంభై తొమ్మిది కావాలన్నాడు.

"చివరి నెంబరు రెండొందల యాభై నాలుగు దాటదండీ" అంది అనూష.

"ఎవరు పెట్టారమ్మా ఆ రూలు? రైతుల ఏసీకి కూడా రూలేనా?" అని ఆయన మండిపడ్డాడు. పరిమితి సడలించాలని కేంద్రానికి వినతిపత్రం పంపాలని తీర్మానించారు.

అంతటితో పోయేదే. కానీ వేణుగోపాల్ ఉండబట్టలేక, "నెంబరు కింద ఈ 255.255.255.0 ఏంటమ్మా?" అని అడిగాడు.

"సబ్‌నెట్ మాస్క్ అంటారు సార్. ఎవరెవరిది ఒకే వీధో చెప్పే లెక్క. ఒకే వీధి యంత్రాలు నేరుగా మాట్లాడుకుంటాయి. వేరే వీధికి పోవాలంటే రౌటర్ దాటించాలి. ఇప్పుడు మనవన్నీ ఒకే వీధి. చివరి సున్నా తీసి నూట తొంభై రెండు పెడితే ఇవే నాలుగు వీధులవుతాయి. అయినా మనకదేం అవసరం లేదులెండి."

ఆ చివరి మాట ఎవరూ వినలేదు. వీధులు విడగొట్టవచ్చు అనేంతవరకే వినబడింది. ఎగువ బజారు డైరెక్టర్లూ దిగువ బజారు డైరెక్టర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు గానీ, రెండు ఫ్లాస్కుల్లోంచి టీ తాగుతారు. కంప్యూటర్ల వైరుకి ఇన్నాళ్ళూ ఆ మర్యాద తెలియకపోవడం వాళ్ళను కలవరపరిచింది. దాంతో మొదటి వీధి ఎగువ బజారుకు, రెండోది దిగువ బజారుకు కేటాయించారు. సెన్సర్లూ, సిలార్ ఫోనూ పనివాళ్ళ సరంజామా కనుక వాటికి మూడో వీధి ఇచ్చారు. ఆఫీసు కంప్యూటర్ మాత్రం హోదా రీత్యా అధ్యక్షుల వీధిలోనే ఉంది. నాలుగోది, మున్ముందు ఎవరైనా అలిగితే ఇవ్వడానికి అట్టేపెట్టారు.

"అరవై మూడు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదండీ. అది మొదటి వీధి మొత్తానికి ఒకేసారి వేసే కేక కోసం ఉంచే నెంబరు" అని అనూష బతిమాలింది. తన గొంతు అందుకు సరిపోతుందని ఒక డైరెక్టరు ముందుకొచ్చి తీసుకున్నాడు. ఆయన కంప్యూటర్ పనిచేయలేదు. ఆయన దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు కనుక ఇబ్బంది రాలేదు.

ప్రతి వీధిలోనూ రౌటర్‌కి ఒక నెంబరుండాలి, ఆ వీధి దాటడానికి అదే గడప. ఏ నెంబరైనా ఫరవాలేదని అనూష చెప్పింది. ఒక డబ్బా పెద్దమనుషుల మధ్య తిరగడం సభకు నచ్చలేదు. మొదటి వీధి గడప అధ్యక్షులవారి కంప్యూటరే అని రాశారు. రెండో వీధి గడప చైతన్యకృష్ణ. రౌటర్‌ని పనివాళ్ళ వీధికి పంపేశారు. ఆ రోజు నుంచి ఎగువ బజారు సందేశాలన్నీ అధ్యక్షుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయేవి. సొసైటీ వ్యవహారం మొదటినుంచీ అంతే కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

వెళ్ళేముందు అనూష వేణుగోపాల్‌ని పక్కకు పిలిచింది. "సార్, సెన్సర్ మాట ఆఫీసుకి చేరదు. అలారం మోగదు. తెరమీద ఇవాళ్టి అంకే ఉండిపోతుంది. మీరొక్కసారి వాళ్ళకి చెప్పండి."

"చెబుతానమ్మా" అన్నాడు వేణుగోపాల్. మంచి మనిషి, ఎవరితోనూ మాట పడడు. అధ్యక్షులు సంతోషంగా ఉన్నప్పుడు చెబితే వాళ్ళ సంతోషం పోతుంది, కోపంగా ఉన్నప్పుడు చెబితే తన ఉద్యోగం పోతుంది. రెండూ కాని సమయం కోసం ఎదురుచూశాడు.

తెరమీద ఐదు డిగ్రీలు నిలిచింది. ఎండలు ముదిరినా ఐదే. ఊళ్ళో కరెంటు పోయినా ఐదే. చలిని ఇంత నిలకడగా నిలబెట్టిన పాలకవర్గాన్ని ఒంగోలు నుంచి వచ్చిన ఒక బృందం శాలువాలతో సత్కరించింది. ఇక సిలార్ తలుపు తీసి లోపలికి వెళ్ళి చూడటం చలిని వృథా చేయడమేనని ఇంకో తీర్మానం చేశారు.

ఒకరోజు మూడో చాంబర్ ముందు నుంచి పోతుంటే వేణుగోపాల్‌కి ముక్కిన వాసన తగిలింది. గబగబా ఆఫీసుకెళ్ళి తెర చూశాడు. ఐదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ అంకె అబద్ధమని ఈ ఊళ్ళో తెలిసినవాడు తనొక్కడే అయినా, దాన్ని చూస్తే అతనికి ధైర్యమొచ్చింది.

సాయంత్రం అరుగుమీద నుంచి కోటేశ్వరి కేకేసింది. "వేణూ, యార్డులో రేటు లేస్తందంట. సరుకు తీద్దునా, ఇంకో వారం ఆగుదునా? కాయ బాగానే ఉందిగా?"

"ఐదు డిగ్రీలుందక్కా. ఆగు."

ఆమె ఆగింది.

వారం తర్వాత ఆమె సరుకు కోసం తలుపు తీసిన రోజు చాంబర్లోంచి ఆవిరి వచ్చింది. కూలింగ్ ఫ్యాన్లు ఎన్నాళ్ళ కిందట ఆగిపోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. సిలార్ ఒక టిక్కీ కోశాడు. లోపల తేజ లేదు, తెల్లటి తాలూ బూజూ ఉన్నాయి. ఇంకో టిక్కీ కోశాడు. మూడోదాని దగ్గర కోటేశ్వరి చెయ్యి పట్టుకుని ఆపింది.

పాలకవర్గం అత్యవసరంగా సమావేశమై రెండు నిమిషాలు మౌనం పాటించింది. సెన్సర్ తన బాధ్యతను ఘోరంగా విస్మరించిందని తేల్చి దాన్ని సస్పెండ్ చేసింది. మూడు వీధుల్లో ఎవరి తప్పూ లేదని నిర్ధారణ అయినందుకు ఇరు బజార్లవారూ తమ తమ ఫ్లాస్కుల్లో టీ తాగారు.

కోటేశ్వరి తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వేణుగోపాల్ సిగ్గుతో చచ్చిపోతూ, నెంబర్లూ, మాస్కూ, వీధులూ, గడపలూ, వెళ్తూ అనూష చెప్పిన మాటా అన్నీ మొదటినుంచి ఆమెకు విడమరిచి చెప్పాడు. పాపం సెన్సర్ అరుస్తూనే ఉందక్కా, వేరే వీధి అయిపోవడం వల్ల దాని మాట ఎవరికీ చేరలేదన్నాడు. ఆమె అంతా ఓపిగ్గా వింది.

"అర్థమైందయ్యా. అది యంత్రం, వీధి దాటలేకపోయింది" అంది. "నీదీ నాదీ ఎదురెదురు ఇళ్ళే గదా వేణూ. మరి నీకేమొచ్చింది?"

వేణుగోపాల్ చంకలోని తీర్మానాల పుస్తకం తెరిచాడు. అందులో అన్నీ ఏకగ్రీవమే.