అందరి స్పాంజీలూ ఒకే గుండిగలో

ఆదివారం పొద్దున్నే శుభ్రం గారు కాఫీ కూడా తాగకుండా పెద్ద గుండిగా, గ్యాసు పొయ్యీ డాబా మీదికి చేర్చారు.

శుభ్రం గారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మెట్ల మీద కాగితం ముక్క కనబడితే అది ఎవరింటిదో కనిపెట్టి, తలుపు తట్టి మరీ అప్పగించి వచ్చే అలవాటు చూసి అపార్టుమెంటు వాళ్లు వెనకాల పెట్టుకున్న పేరది. ఆ సంగతి ఆయనకు తెలుసు. బిరుదు అనుకున్నారు.

పదకొండు గంటలకు అపార్టుమెంటు సంఘానికి ఎన్నిక. ఆ సంఘానికి అధ్యక్షుడు కావాలన్నది ఆయన ఏళ్ల తరబడి కంటున్న కల. ఈసారి పోటీ కూడా లేదు. నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు, గెలుస్తారు. ఆయనకు చేతకాని పని అదొక్కటే. గిన్నెలు తోమే స్పాంజి మరుగుదొడ్డి కన్నా హీనమని ఎక్కడో చదివారు. చదివింది కడుపులో దాచుకునే మనిషి కాదు. ఇంటింటి స్పాంజీ తీసుకెళ్లి, మరిగించి, క్రిమి అన్నది లేకుండా చేసి, ఎన్నిక ముందు తిరిగిచ్చేస్తానని నిన్న సాయంత్రమే లిఫ్టు పక్కన నోటీసు అంటించారు.

"అందరివీ ఒకే గుండిగలోనా?" అంది భార్య.

"మరిగాక ఏ క్రిమి ఏ ఇంటిదో ఎవరికి గుర్తుంటుందే?"

"క్రిములకి గుర్తుండదండీ. మనుషులకి ఉంటుంది."

ఇంట్లోవాళ్ల మాట వినే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు కనుక బకెట్టు పట్టుకుని బయల్దేరారు.

ఇవ్వకపోతే మురికివాళ్లమని ముద్ర పడుతుందన్న భయంతో అందరూ ఇచ్చారు. అదీ నవ్వుతూ ఇచ్చారు. ఆ స్పాంజీలు చూసి శుభ్రం గారి ఛాతీ ఉబ్బింది. ఒక్కటీ అరగలేదు, చిరగలేదు. కొన్నిటికి కొట్టు వాసన కూడా పోలేదు. ఇదంతా కిందటేడు శుభ్రత మీద తాను చేసిన ప్రసంగం ఫలితమేనని తీర్మానించుకున్నారు.

ఇవ్వనన్నది మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే గుమాస్తా ఒక్కడే. తలుపు సగం తీసి, "మీకిచ్చేస్తే నా అంట్లు దేంతో తోముకోను సార్?" అన్నాడు. అతని చేతిలో ఉన్నది ఒకప్పుడు ఏ రంగుదో చెప్పడం కష్టం. ఇలాంటివాళ్ల వల్లే దేశం ఇలా తగలడిందని గొణుక్కుంటూ శుభ్రం గారు పై మెట్టెక్కారు.

పదిన్నరకల్లా స్పాంజీలన్నీ పిట్టగోడ మీద వరసగా ఎండకు కూర్చున్నాయి. అన్నీ వీధి చివరి కొట్లో కొన్నవే, పసుపు ఒళ్లు, ఆకుపచ్చ వీపు. ఏది ఎవరిదో అమ్మినవాడు వచ్చినా చెప్పలేడు. గుర్తు పెట్టాలన్న ఆలోచన గుండిగ దింపాక గానీ శుభ్రం గారికి తట్టలేదు.

జనం వచ్చారు. రెండో అంతస్తు లెక్చరరు గారి భార్య నీచు ముట్టని మనిషి, నిప్పులు కడిగే బాపతు. ఆవిడ ఒక స్పాంజి వైపు చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, "వీటిలో చేపల గిన్నెలు తోమినవి ఏవండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎవరి మీదికి విసిరిందో ఆవిడ ఎదురింటి కాంట్రాక్టరు భార్యకు బాగానే తెలిసింది. "మా గిన్నెలు తోమితే స్పాంజికి రోగమొస్తుందా?" అంది. మెల్లగానే అంది. అందుకే అందరికీ వినబడింది.

"మరిగించానమ్మా, ఇప్పుడన్నీ ఒకటే" అన్నారు శుభ్రం గారు, మంట ఆర్పుతున్నాననుకుని. అన్నీ ఒకటే అన్న మాట రెండు పక్షాలకూ రుచించలేదు. పోనీ చీటీలు వేద్దామన్నారు. అది పుండు మీద కారమైంది. ఎవరి ఎంగిలి ఎవరి నెత్తిన పడుతుందోనని డాబా రెండు జట్లుగా చీలింది. స్పాంజీలతో మొదలై నీళ్ల మోటారు, పార్కింగు, ఎప్పుడో పోయిన చెప్పుల జత దాకా పాత తగాదాలన్నీ పైకొచ్చాయి. చేతికందిన పదవి జారిపోతోందని శుభ్రం గారికి అర్థమైంది. అందరికీ కొత్త స్పాంజీలు కొనిచ్చి గండం గట్టెక్కుదామని కొట్టుకు పరుగెత్తారు.

"ఒక్కటీ లేదండీ" అన్నాడు కొట్టువాడు. "నిన్న రాత్రి మీ అపార్టుమెంటు వాళ్లే ఎగబడి కొనుక్కుపోయారు. ఇవాళ ఎవరో తనిఖీకి వస్తున్నారట కదా?"

అప్పుడు వెలిగింది. తాను పొద్దుటి నుంచీ మరిగించింది అంట్ల మొహం చూడని స్పాంజీలను. అసలైనవి ఏ ఇంటివి ఆ ఇంటి సింకు కిందే హాయిగా ఉన్నాయి. బుద్ధున్నవాడైతే అక్కడే నిలబడి ఒక సోడా తాగి, ఆ సంగతి మింగేసి వచ్చేవాడు. ఈయన రొప్పుతూ డాబా ఎక్కారు.

"గొడవ ఆపండి" అన్నారు వెలిగిపోతున్న మొహంతో. "వీటిలో ఒక్కటి కూడా చేపల గిన్నె తాకలేదు. అసలు ఏ గిన్నే తాకలేదు. అందరూ కొత్తవి కొని నాకిచ్చారు. మురికివి మీ ఇళ్లలోనే ఉన్నాయి."

లెక్చరరు భార్యా, కాంట్రాక్టరు భార్యా మొదటిసారి ఒకరి మొహం ఒకరు స్నేహంగా చూసుకున్నారు.

"మన వంటిళ్లలోకి తొంగిచూడ్డానికి ఈయనెవరండీ?" అంది లెక్చరరు భార్య.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా వదినా" అంది కాంట్రాక్టరు భార్య.

ఎన్నిక చిటికెలో ముగిసింది. మూడో అంతస్తు గుమాస్తా పేరు ముందుగా ఎవరన్నారో తెలియదు గానీ, చేతులు మాత్రం అన్నీ లేచాయి. వాటిలో శుభ్రం గారి భార్య చేయి కూడా ఉంది. కబురు చెప్పడానికి వెళ్తే గుమాస్తా నురగ చేతులతో తలుపు తీసి, మీటింగులకు రానక్కర్లేదంటే సరేనన్నాడు.

మొత్తం అపార్టుమెంటులో తన స్పాంజి తనదేనని ఒప్పుకున్నవాడు అతనొక్కడే మరి.