ఏడో మలుపులో డూప్లికేట్ మంట

రెండువేల ఇరవై ఒకటి వసంతంలో జర్మనీలోని వెస్టర్‌టాల్ రింగ్ అనే ట్రాకు మీద జరిగిన కార్ల పందెం సంపూర్ణ విజయం సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పాల్గొన్నవారిలో ఏ ఒక్కరికీ కరోనా సోకలేదు. ఒక్క కారు తగలబడింది. అది కూడా నిబంధనలకు లోబడే తగలబడింది.

కొందరు ఆ తగలబడిన కారునే పట్టుకు వేలాడుతున్నారు. మంచిని చూడలేని కళ్ళు ఎక్కడైనా ఉంటాయి. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పడం అవసరమైంది.

ఆ పందేలకు చాలా ఏళ్ళుగా ఒక జర్మన్ పెద్దమనిషి రేస్ డైరెక్టర్‌గా ఉండేవాడు. ఎప్పుడు జెండా ఊపించాలో, ఎప్పుడు పందెం ఆపించాలో కిటికీలోంచి ఒకసారి చూసి చెప్పేసేవాడు. ఎందుకు ఆపావంటే ‘పొగ కనిపించింది’ అనేవాడు. అంతకు మించి రుజువు చూపేవాడు కాదు. పైగా వయసు మళ్ళినవాడు, రోజులు చూస్తే కరోనా రోజులు. ఆయన్ని గౌరవంగా ఇంట్లో కూర్చోబెట్టి, ఇంట్లో కూర్చునే పందెం నడపగల మనిషి కోసం వెతికారు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక ఐటీ కంపెనీ డెలివరీ మేనేజరు వెంకటరామారావుగారు దొరికారు.

వెంకటరామారావుగారికి కారు నడపడం రాదు. ఇండియా లైసెన్సు ఉంది గానీ అది బావమరిది తెచ్చిపెట్టినది. జర్మనీలో డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళే బ్రేకు తొక్కాల్సి వచ్చింది. నిర్వాహకులు ఈ అర్హతను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నడపడం వచ్చినవాడికి ఎవరో ఒక డ్రైవరు మీద మమకారం ఉంటుంది. రానివాడికి అందరూ ఒకటే. నిష్పక్షపాతానికి ఇంతకన్నా హామీ ఏం కావాలి?

ఆయన వస్తూ వస్తూ తన ఆఫీసు పద్ధతిని కూడా తెచ్చారు. ఆఫీసులో కంప్యూటరు మొరాయిస్తే ఫిర్యాదు రాసి ఒక నంబరు తీసుకుంటారు. దాన్ని టికెట్ అంటారు. ఆ టికెట్‌ను ఒకరు చదువుతారు, ఒకరు ఆమోదిస్తారు, ఒకరు మూసేస్తారు. ఈలోగా కంప్యూటరు బాగుపడటమో, ఉద్యోగి మానేయడమో జరుగుతుంది. ఎలాగైనా సమస్య తీరినట్టే. ఇదే పద్ధతిని రేసు ట్రాకు మీదా పెట్టారు. ట్రాకు మీద ఏం జరిగినా ముందు ఫోనులో టికెట్ వెయ్యాలి. ఆమోదం వచ్చాకే మార్షల్ కదలాలి.

మార్షల్ అంటే మలుపు దగ్గర నిలబడి జెండా ఊపేవాడు, మంట వస్తే ఆర్పేవాడు. పూర్వం ఒక్కో మలుపుకి ముగ్గురుండేవాళ్ళు. ముగ్గురుంటే దూరం పాటించడం కష్టమని ఒక్కరిని ఉంచారు. ఒక్కడు జెండా, ఫోను, మంటలార్పే సిలిండరు మూడూ పట్టుకోలేడు కనుక జెండా తీసేశారు. సిలిండరును శానిటైజరుతో తుడిచి, ప్లాస్టిక్ కవరులో బిగించి, ‘తాకే ముందు చేతులు శుభ్రం చేసుకోండి’ అని చీటీ అంటించారు. అదనంగా ఒక్కొక్కరికి మీటరున్నర పొడవున అల్యూమినియం కడ్డీ ఇచ్చారు. అది మనిషికీ మనిషికీ మధ్య దూరం కొలవడానికి.

ఏడో మలుపు దగ్గర నిలబడినవాడు ఇనాయత్. హైదరాబాద్ కుర్రాడు. పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్లు చదువుతూ, అతను పనిచేసే హోటలు మూతపడటంతో ఈ పనికి వచ్చాడు. మంటలార్పడంలో శిక్షణ ఇంట్లో కూర్చునే పొందాడు. ‘మంట ఏ రంగులో ఉండును?’ అనే ప్రశ్నకు నాలుగు జవాబుల్లో సరైనది గుర్తించి సర్టిఫికెట్ సంపాదించాడు.

ఆ రోజు పందెంలో ఉన్న ఒకే ఒక్క తెలుగు పిల్ల గీతిక. డ్యూసెల్‌డార్ఫ్‌లో పెరిగింది. బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఈ పందేల్లోకి వచ్చింది. ఈసారి మొదటి ముగ్గురిలో నిలిస్తే పెద్ద జట్టులో సీటిస్తామన్నారు. నిలవకపోతే మళ్ళీ పిలిచేవాళ్ళు లేరు. ఆ పిల్లకున్నవల్లా స్టీరింగు మీద నిలిచే రెండు చేతులే. మనవాళ్ళు ‘ఆడపిల్లకి ఈ కార్ల పిచ్చేమిటి’ అని నాలుగేళ్ళు ముక్కున వేలేసుకుని, టీవీలో కనిపించిన వారం నుంచి ‘మనమ్మాయి’ అన్నారు. అన్నవాళ్ళను తప్పుపట్టలేం. గెలిచేదాకా ఎవరమ్మాయో ఎలా తెలుస్తుంది?

పందెం ఆదివారం మధ్యాహ్నం మొదలైంది; చూసేవాళ్ళకు ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టారు. వెంకటరామారావుగారు వంటింటి బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు తెరిచి, పైన కోటు, కింద లుంగీతో ఆసీనులయ్యారు. ఆయన భార్య కౌసల్యగారు పెనం మీద పెసరట్టు వేస్తున్నారు. ఇంజన్ల హోరుకి వంటిల్లు అదిరిపోయింది. జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదని తెలియనిది ఎవరికి? కింది వాటాలో ఉండే జర్మన్ ఆవిడ ఫ్రావ్ క్రౌజె చీపురుకర్రతో సీలింగు మీద పొడిచింది. ఇంకొకసారి ఫిర్యాదు వెళితే ఇల్లు ఖాళీ చేయమంటారు. వెంకటరామారావుగారు క్షణం ఆలోచించకుండా పందేన్ని మ్యూట్‌లో పెట్టారు. మార్షల్స్ మాట్లాడే లైను కూడా అందులోదే. ఆయన దీన్ని గుర్తించలేదని కొందరంటున్నారు. గుర్తించారు. టికెట్లుండగా మాటలెందుకని ఊరుకున్నారు.

కాసేపటికి ముందు వెళుతున్న ఒక కారు ఏడో మలుపులో నూనె కార్చుకుంటూ పోయింది. ఇనాయత్ ఫోను తీశాడు. సమస్య రకం ఎంచుకోమంది. లాగిన్, పాస్‌వర్డ్, ప్రింటరు, మాస్కు లేకుండుట, ఇతరములు. నూనె లేదు. ‘ఇతరములు’ నొక్కాడు. వెంటనే జవాబొచ్చింది. ‘మీ సమస్య మాకు ముఖ్యం. మా ప్రతినిధి వచ్చే పనిదినాన సంప్రదిస్తారు.’

నాలుగో స్థానంలో ఉన్న గీతిక మూడోవాణ్ణి దాటబోయి ఆ నూనె మీద జారింది. కారు గిరగిరా తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. తలుపు నొక్కుకుపోయింది. ముందునుంచి పొగ మొదలైంది. ఇనాయత్ పరుగెత్తి వెళ్ళి, మీటరున్నర దూరంలో ఆగాడు.

“అక్కా, దెబ్బ తాకిందా?”

“డోర్ క్లెమ్ట్, తెరుచుకోవట్లేదు. బెల్ట్ రావట్లేదు. బయటికి లాగు, బిట్టే, ప్లీజ్.”

“జర ఆగు అక్కా. టికెట్ ఏస్తున్న.”

“ఏం టికెట్?”

“నిప్పుది.”

వేశాడు. ఒకే మలుపు నుంచి ఒకే మనిషి రెండోసారి రాశాడు కనుక యంత్రం దీన్ని డూప్లికేట్‌గా గుర్తించింది. మొదటి టికెట్‌లో కలిపి మూసేసింది. పచ్చరంగు టిక్కు వచ్చింది. సమస్య పరిష్కారమైంది.

“వచ్చిందా?” అంది గీతిక దగ్గుతూ.

“క్లోజ్ అయిందంటుంది అక్కా.”

“నేనింకా లోపలే ఉన్నాను కదా.”

“నాకు కనబడ్తుంది. దానికి కనబడ్తలేదు.”

వంటింట్లో కౌసల్యగారు అట్టు తిరగేస్తూ లాప్‌టాప్ వైపు చూశారు.

“ఏమండీ, ఆ కారులోంచి పొగొస్తోంది చూడండి.”

“నా క్యూలో టికెట్ ఏం లేదే. అన్నీ గ్రీనే.”

“క్యూలో లేకపోతే మానె. బొమ్మలో ఉంది. ఎవరి పిల్లో ఏంటో, లోపల కొట్టుకుంటోంది.”

“నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు. ప్రాసెస్ అని ఒకటుంటుంది.”

“మీ ప్రాసెస్ తగలెయ్య. నా అట్టు మాడితే నేను స్టవ్ ఆపేస్తానా, మీకు మెయిల్ పెడతానా?”

అయినా వెంకటరామారావుగారు ఊరుకోలేదు. బాధ్యతగల మనిషి. హైదరాబాద్‌లో రెండో అంచె సహాయకుడు రాకేష్‌కి ఫోను చేశారు. రాకేష్ కూడా ఇంటినుంచే పనిచేస్తున్నాడు. వెనక కుక్కరు కూత వినబడుతోంది.

“సర్, యూజర్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమనండి.”

“ఏది, ఫోనా?”

“కారు సర్.”

వెంకటరామారావుగారు ఆ సలహాను యథాతథంగా ఏడో మలుపుకి పంపారు. ఇనాయత్ దాన్ని చదివాడు. గీతిక వైపు చూశాడు. ఆమె రెండు గ్లౌజులూ తీసేసి, ఒట్టి చేతులతో బెల్టు కొక్కెం పీకుతోంది. మంట స్టీరింగు దాకా వచ్చింది.

అప్పుడు ఇనాయత్ చేసిన పనులను ఏ నాగరిక సమాజమూ హర్షించదు. ఫోను గడ్డిలో విసిరేశాడు. చేతులు శుభ్రం చేసుకోకుండా సిలిండరు కవరు పళ్ళతో చింపి, మంట మీద చిమ్మాడు. దూరం కొలవడానికిచ్చిన కడ్డీని తలుపు సందులో పెట్టి, అది విరిగేదాకా మెలితిప్పి తలుపు తెరిచాడు. బెల్టు ఊడబెరికి, మాస్కు జారిపోయిన ముఖంతో, మాస్కు లేని డ్రైవరును, ఏ ఆమోదమూ లేకుండా చంకల కింద చేతులేసి బయటికి లాగాడు. దూరం మీటరున్నర కాదు కదా, బెత్తెడు కూడా లేదు.

ఈలోగా కౌసల్యగారు అత్యవసర నంబరు నూట పన్నెండుకి ఫోను చేశారు. సాయంకాలం క్లాసుల్లో నేర్చిన జర్మన్‌లో “నిప్పు, కారు, అమ్మాయి” అన్నారు. అవతలివాళ్ళు ఎక్కడని అడిగారు.

“ఆ ఊరి పేరేంటండీ?” అని ఆవిడ భర్తని అడిగారు.

“రేస్ కంట్రోల్ వివరాలు బయటికి చెప్పకూడదే. అగ్రిమెంట్ ఉంది.”

ఆవిడ తెర మీద కనబడ్డ బోర్డును కూడబలుక్కుని చదివి చెప్పారు. ఫైరింజను వచ్చింది. ట్రాకు గేటు కాపలాదారు, లోపలికి వచ్చేవారు ముందు రోజే ఆన్‌లైన్‌లో అన్మెల్డుంగ్, అంటే పేరు నమోదు, చేసుకోవాలని, లేకపోతే గేటు తీయడం కుదరదని మర్యాదగా చెప్పాడు. వాళ్ళు గేటు విరగ్గొట్టుకుని వెళ్ళారు. ఆ గేటు ఖరీదు విషయంలో ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.

పందెం మాత్రం ఆగలేదు. టికెట్లన్నీ మూసి ఉన్నప్పుడు ఏ కారణం చూపి ఆపుతారు? మిగతా కార్లు ఆ పొగలోంచే దూసుకుపోయి, సకాలంలో పందెం ముగించాయి. గెలిచినవాడు షాంపేన్ సీసాను మోచేత్తో అందుకున్నాడు.

విచారణ సంఘం వీడియోలో సమావేశమైంది. సగం సమావేశం ‘మీ గొంతు వినబడటం లేదు’ అనడంతో గడిచింది. మిగతా సగంలో తీర్పు చెప్పారు. అనుమతి లేకుండా కారు దిగినందుకు, కారును ట్రాకు పక్కన వదిలేసినందుకు, బయటివారి సహాయం పొందినందుకు గీతిక అనర్హురాలు. ఆరోగ్య పరికరాన్ని విరిచినందుకు ఇనాయత్‌ను పనిలోంచి తీసేసి, సన్నిహిత సంపర్కం కారణంగా క్వారంటైన్‌కు పంపారు. కౌసల్యగారు పందెం రహస్యాలు బయటపెట్టినట్టు తేల్చి, డైరెక్టరుగారి కుటుంబాన్ని సున్నితంగా మందలించారు. వెంకటరామారావుగారి హయాంలో ఒక్క టికెట్ కూడా పెండింగులో లేనందున వచ్చే ఏడాది మరో మూడు ట్రాకులు అప్పగించారు.

మన సంఘం ఊరుకుంటుందా? రైన్ నదీతీర తెలుగు సంఘం అధ్యక్షులు భాస్కరరావుగారు వీడియోలో సన్మానం ఏర్పాటు చేశారు. శాలువా పోస్టులో ముందే పంపారు. చెప్పిన క్షణానికి వెంకటరామారావుగారు తన శాలువా తానే కప్పుకున్నారు.

“జర్మనీవాడి కార్లకు తెలుగువాడు పగ్గాలు వేశాడు,” అన్నారు భాస్కరరావుగారు. “వంటింట్లో కూర్చుని పందెం నడిపిన ధీశాలి మన మధ్య ఉండటం మన అదృష్టం. మన ఆడపడుచు గీతిక కూడా అగ్నిపరీక్షలో నెగ్గింది. ఆ విధంగా ఇది మనకు జంట విజయం. ఇప్పుడు చిన్నారులచే నృత్యం.”

ఎవరో ఒకాయన మైకు తెరిచి, “ఆ అమ్మాయి చేతులెలా ఉన్నాయండీ?” అని అడిగాడు. సమయాభావం వల్ల ఆయన్ని మ్యూట్ చేశారు.

చేతులు ఆస్పత్రిలో కట్లతో ఉన్నాయి. చర్మం అతుకుతుందన్నారు. వేళ్ళు మునుపటిలా పట్టు బిగిస్తాయో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. పెద్ద జట్టువాళ్ళు పూలు పంపి, సీటు వేరేవాళ్ళకిచ్చారు. పందెం నిర్వాహకుల నుంచి కూడా ఒక సందేశం వచ్చింది. ‘మా సహాయక సేవ మీకు నచ్చిందా? ఒకటి నుంచి అయిదు నక్షత్రాల్లో తెలుపగలరు.’ కట్లున్న వేళ్ళతో నొక్కలేకపోయింది. గడువు దాటాక యంత్రమే అయిదు నక్షత్రాలు వేసుకుంది.

క్వారంటైన్‌లో ఉన్న ఇనాయత్ ఫోను చేశాడు. నర్సు ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

“చెయ్యి కదుల్తుందా అక్కా?”

“బొటనవేలు కదుల్తోంది. నీ జాబ్ పోయిందట కదా, సారీ రా.”

“పోతే పోయింది. సర్టిఫికెట్ ఉంది కదా, మంట రంగు చెప్తా, ఎక్కడైనా ఇస్తరు.”

గీతిక నవ్వింది. తర్వాత అడిగింది. “లైవ్‌లో తొమ్మిది వేలమంది చూశారట. నూట పన్నెండుకి ఎంతమంది చేశారు?”

“ఒక్కరు. కౌసల్య ఆంటీ.”

“మిగిలినవాళ్ళు?”

మిగిలినవాళ్ళం వీడియో కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఏడుస్తున్న ముఖాలు పెట్టాం. ‘ఎవరైనా ఏదైనా చెయ్యండి’ అని పెద్ద అక్షరాల్లో రాశాం. మంట బాగా కనబడే చోట ఆపి, ఫోటో తీసి, బంధువుల గ్రూపుల్లో పంచాం.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పడిగాడొకడని మన పెద్దలు వాణ్ణి తరతరాలుగా ఆడిపోసుకుంటూ వచ్చారు. అది అన్యాయం. వాడు నిప్పు కోసమైనా, లేచి అక్కడిదాకా నడిచి వెళ్ళాడు.