ఎంతైనా పట్టే డిస్కు

కిట్వే పట్టణంలో కలూబాని ఆఫీసువాళ్లు ‘రేపటి కలూబా’ అనేవారు. ప్రోగ్రాములు చక్కగా రాస్తాడు. చివరి ముక్క మాత్రం రేపటికి వదిలేస్తాడు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ నిండా అతను టీవీ నుంచి పట్టి దాచుకున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌లే. భార్య ముసోండా చర్చి పాటల బృందానికి నాయకురాలు. రేడియోవాళ్ల కోసం పాడిన పాటలు దాచబోతే, సగంలోనే చోటు లేదు పొమ్మంది కంప్యూటర్.

“బాషి మపాలో!” అని కేకేసింది. తమ బిడ్డ పేరుతో మపాలో నాన్నా అని పిలవడమన్నమాట; అతను ఆమెని బనా మపాలో, అంటే మపాలో అమ్మా అంటాడు. “ఆ మ్యాచ్‌లు తీసేస్తారా లేదా?”

“అది చరిత్ర, బనా మపాలో!”

“పోనీ, మనవాళ్లు ఓడినవి తీసేయండి.”

“అప్పుడిక మిగిలేదేముంది?” అని నోరు జారి, నాలిక కరుచుకున్నాడు.

మ్యాచ్‌లు పోకూడదు, భార్య అరవకూడదు. కలూబాకి ఓ ఉపాయం తట్టింది. ఏ డిస్కులో ఏముందో చెప్పే పెత్తనం కంప్యూటర్ లోపలి గదిలో ఉండే కెర్నల్‌ది. మామూలు ప్రోగ్రాముల్ని అది గడప తొక్కనివ్వదు. అయితే ఆ గదిలో డ్రైవర్ అనే ఓ చిన్న ప్రోగ్రాముని కూర్చోబెడితే, అది ప్రతి ప్రశ్ననీ బయటికి పట్టుకొచ్చి, “ఫలానా ఫైలు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు?” అని మామూలు ప్రోగ్రామునే అడుగుతుంది. ఆ ప్రోగ్రాము ఏం చెబితే లోపల అదే మాట. నిజమో కాదో డ్రైవర్‌కి అనవసరం.

ఆ ప్రోగ్రామ్ కలూబా రాశాడు. కంప్యూటర్‌లో కొత్త డిస్కు ఒకటి వెలిసింది, బోలెడంత ఖాళీతో. అందులో పెట్టిన ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఎక్కడో చేరాలని అతని ఆలోచన. ఆ చేర్చే ముక్క రేపు రాద్దామనుకున్నాడు. అందాకా ఏ ఫైలిచ్చినా పేరూ సైజూ రాసుకుని, ‘భద్రంగా ఉంది’ అని చెప్పమన్నాడు. లోపలి సరుకు గాలికి పోతుంది.

“ఎంతైనా పడుతుంది. నా చేత్తో చేశాను!” అని భార్య ముందు ఛాతీ విరిచాడు.

“మీ చేత్తోనా?” అని ఒకసారి అతన్నీ, ఒకసారి డిస్కునీ చూసింది ముసోండా.

ఆ రేపు రానే లేదు. శనివారం పొద్దున అతను మొక్కజొన్నపిండితో వండిన న్షిమా ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా, ముసోండా తలగుడ్డ సర్దుకుంటూ అంది: “నిన్న అన్నీ మీ కొత్త డిస్కులోకి మార్చేశాను. పాత దాంట్లోవి తుడిచేశాను. ఇవాళ రేడియో ఆయన పాటలు వినడానికి చర్చికొస్తున్నాడు.”

ఆమె గుమ్మం దాటాక గానీ అతనికి ఆ మాట తలకెక్కలేదు. ఆ పాటలకి పైగొంతు ఇచ్చిన ముసలమ్మ కూతురి దగ్గరికి లుసాకా వెళ్లిపోయింది. మళ్లీ పాడించడం కుదరదు. కలూబా ఇంటి చెప్పులతోనే పరుగెత్తాడు.

చర్చిలో బృందమంతా కూర్చుని ఉంది. రేడియో ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నాడు.

“ఆగండి!” అన్నాడు కలూబా రొప్పుతూ. “ఆ డిస్కు అబద్ధం! అది ఏదీ దాచదు. దాచానని చెప్పడమే. పాటలు పోయాయి, తప్పు నాది!”

ఆడవాళ్లంతా ముసోండా వైపు తిరిగారు.

“నా పాటలు అందులో పెట్టలేదే,” అంది ఆమె నింపాదిగా. “మొదటిరోజే ఒకటి పెట్టి తెరిచి చూశాను. పేరుంది, సైజుంది, పాట లేదు. ఏమడిగినా అయిపోయిందంటుంది, చేసింది మాత్రం ఏమీ ఉండదు. మీ చేత్తోనే చేశారని అప్పుడే నమ్మకం కుదిరింది.”

బృందం ఘొల్లుమంది. కలూబా గుండె కుదుటపడింది. ఆ వెంటనే మళ్లీ జారింది.

“మరి... అన్నీ మార్చానన్నావు?”

“మీ మ్యాచ్‌లు.”

“దాచదని తెలిసీనా?”

“మీరే కదా అన్నారు, ఎంతైనా పడుతుందని?” అంది ముసోండా, రేడియో ఆయనకి పెన్‌డ్రైవ్ అందిస్తూ. “నిజమే, అన్నీ పట్టాయి.”

పాట మొదలైంది. లుసాకా వెళ్లిన ముసలమ్మ గొంతు చర్చి కప్పుదాకా లేచింది. కలూబా వెళ్లి ఆఖరి బెంచీ మీద, చెప్పులు కనబడకుండా కాళ్లు లోపలికి లాక్కుని కూర్చున్నాడు.