తళతళలాడిన చక్రవర్తి

నారిచ్ పట్టణంలో సైలస్ థర్కెటిల్‌ని మోసగించగల నాణెం ఇంకా పుట్టలేదు. అరచేతిలో పెడితే చాలు, ఏ చక్రవర్తిదో, ఏ టంకశాలలో అచ్చయిందో కళ్లు మూసుకుని చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లలో మూడు లావుపాటి గ్రంథాలు రాశాడు. ఊళ్లోవాళ్ల నాణేలు నాలుగు వందలు నకిలీవని తేల్చాడు. అందుకే ఆయన పుట్టినరోజుకు ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ జులై శనివారం పొద్దున ఆయన పెట్టుకున్న పనులు మూడే. రెండు ఉడికించిన గుడ్లు తినాలి. నలభై రోజులు ఏలి తల పోగొట్టుకున్న ఒక రోమన్ చక్రవర్తి కంచు నాణేన్ని జేబులో వేసుకోవాలి. నాణేల సంఘంలో దానిమీద వ్యాసం చదివి, సాయంత్రానికి అధ్యక్షుడైపోవాలి. లోకంలో అలాంటి నాణెం మరొకటి లేదు. పదిహేను వందల ఏళ్లు మట్టిలో పడుకుని ఒంటికి పట్టించుకున్న పచ్చటి చిలుమే దాని ప్రాణం.

సొరుగు లాగాడు. నాణెం కొత్త బొత్తాంలా తళతళలాడుతోంది. వాసన చూశాడు. వెనిగర్!

"మిసెస్ మజ్! నిన్న టీకి వచ్చిన పాదిరి ఈ సొరుగు ముట్టుకున్నాడా?"

"కేకు ముట్టుకున్నారండి, నాలుగుసార్లు," అంది వంటావిడ. "అయ్యగారూ, ఆ నాణెం సంగతే..."

"నాకంతా తెలుసు! ఎందుకా నవ్వు? నీకూ వాటా ఉందా?"

పాదిరి ఓక్‌షాట్‌కీ నాణేల పిచ్చి ఉంది. నిన్న ఆ నాణేన్ని భూతద్దంతో పావుగంట చూసి నిట్టూర్చాడు కూడా. అసలుది కాజేసి నకిలీది పెట్టాడన్నమాట! థర్కెటిల్ గుడ్లు వదిలేసి పరుగెత్తాడు.

పాదిరి తలుపు తీయగానే గుప్పున వెనిగర్ వాసన. ఆయన వేళ్లు నల్లగా ఉన్నాయి.

"ఏమిటా మరకలు?"

"వాల్‌నట్ కాయలయ్యా. మా ఆవిడ వెనిగర్లో ఊరగాయ పెడుతోంది. ఓ జాడీ పట్టుకెళ్లు."

"ముందు చక్రవర్తిని బయటికి తియ్యి!"

"ఎండదెబ్బ తగిలిందా ఏం?"

పోలీసు వచ్చాడు. పధ్నాలుగు జాడీలు గడ్డిమీద బోర్లించారు. నాణెం దొరకలేదు. "కాయలో దాచి ఉంటాడు," అన్నాడు థర్కెటిల్. అప్పటికే ఆరు కాయలు నమిలేసిన పోలీసు గతుక్కుమని, పాదిరి రెక్క పట్టుకుని సంఘానికి లాక్కొచ్చాడు.

అక్కడ థర్కెటిల్ వ్యాసం పక్కన పడేసి, జేబులోని నాణేన్ని బల్లమీద పెట్టి, అది నిన్నగాక మొన్న పోతపోసిందని పన్నెండు రుజువులు చూపించాడు. అంచు కొత్తది, అక్షరాలు కొత్తవి, చక్రవర్తి ముక్కు మరీ కొత్తది. సభ చప్పట్లతో మోగిపోయింది. అక్కడికక్కడే ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసేశారు.

అప్పుడు మరిచిపోయిన గొడుగు పట్టుకుని మిసెస్ మజ్ వచ్చింది. నాణేన్ని చూసి ఆయన చెవిలో మురిపెంగా అంది: "పెద్దమనుషుల ముందుకు వెళ్తోంది కదాని నిన్న గంటసేపు వెనిగర్, ఇటుకపొడి వేసి తోమానండి. చెబుదామంటే వింటేగా!"

మొదట్లో నేను వాయించిన డప్పు ఇక్కడ దించేస్తున్నాను. సొంత నాణేన్నే పోల్చుకోలేని మహానుభావుడు ఆయన.

ఊరుకుంటే పదవి దక్కుతుంది. చెబితే ముప్పై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. పాదిరి బూట్లలోంచి వెనిగర్ కారుతోంది. థర్కెటిల్ లేచాడు.

"అయ్యలారా, ఇది అసలుదే! పాదిరిగారు దొంగ కాదు!"

ముసలి కార్యదర్శి కళ్లు ఒత్తుకున్నాడు. "పన్నెండు రుజువులు విన్నాక మమ్మల్ని మభ్యపెట్టకండి," అని సభవైపు తిరిగాడు. "దొంగని కాపాడటానికి తన విద్యనే కాదంటున్నారు, ఎంత దయ!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. పోలీసు కూడా కరిగిపోయి పాదిరి రెక్క వదిలేశాడు. అధ్యక్షుడు ఒక్కడే చెయ్యెత్తలేదు. మిగతా అందరి ఓట్లతో నాణెం నకిలీదని తేలింది. దాన్ని తీసుకెళ్లి మిసెస్ మజ్ చేతిలో పెట్టారు. పనికిరానిది ఇంట్లో ఎందుకని ఆవిడ ఆదివారం దాన్ని చర్చి చందాసంచిలో వేసింది.

పాదిరి దాన్ని జాగ్రత్తగా దాచుకుని, థర్కెటిల్‌ని మనసారా క్షమించాడు. దాచుకోవడం నిజం, క్షమించడం నా కల్పన.