అసలు సిస్టర్

విశ్వాసి తప్పును విశ్వాసి కాయకపోతే ఇంకెవరు కాస్తారండీ? పై అధికారి క్రైస్తవురాలైతే తోటి క్రైస్తవులకు ఆ మాత్రం వెసులుబాటు ఉండొద్దూ? ఉండాలనే ఓ ఆస్పత్రి హెడ్ నర్సమ్మ గట్టి నమ్మకం. నమ్మి ఊరుకోలేదు, ఆచరించి చూపించింది!

ఆస్పత్రిలో నర్సులంతా సిస్టర్లే. హెడ్ నర్సమ్మకు మాత్రం అసలు సిస్టర్ ఒక్కతే. తన సంఘంలో పాటలు పాడే అమ్మాయి. గొంతు తేనె. డ్యూటీకి రావడం మాత్రం డాక్టరు రౌండ్లు ముగిశాకే. ఒకసారి షుగరున్న తాతగారి ఇంజెక్షన్‌ను పక్క మంచం మీది తాపీమేస్త్రీకి పొడవబోయింది. ఆయన లబోదిబోమన్నాడు గనుక బతికిపోయాడు.

"పోనీలే చెల్లెమ్మా, మనుషులన్నాక పొరపాట్లు జరగవా? ప్రార్థన చేసుకో," అంది హెడ్ నర్సమ్మ.

అడిగే శ్రమైనా లేకుండా క్షమాపణ దొరికిపోయింది! మేస్త్రీని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అదే వార్డులో ఇంకో నర్సు ఉంది. ఆమెది ఏ సంఘమూ కాదు. సెలైన్ అయిపోకముందే మంచం దగ్గర నిలబడే రకం. బిడ్డకు జ్వరమని ఒక్కరోజు ఆలస్యమైతే, "ఇది ఆస్పత్రా, అత్తారిల్లా?" అని హెడ్ నర్సమ్మ అందరి ముందూ కడిగేసింది. పక్షపాతమనకండి! మనవాళ్లకు కృప, బయటివాళ్లకు క్రమశిక్షణ. రెండూ పంచిపెట్టిందిగా!

ఇంతలో హెడ్ నర్సమ్మకే కడుపునొప్పి పట్టుకుంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ తప్పదన్నారు. తన వార్డులోనే మంచమెక్కింది.

"కంగారుపడకండక్కా. ఆపరేషనయ్యాక మీ పక్కన నేనే ఉంటా. అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నా," అంది పాటల సిస్టర్, ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని.

హెడ్ నర్సమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఆ అమ్మాయి అటు వెళ్లగానే సర్జన్‌ను పిలిపించుకుంది.

"డాక్టరుగారూ, నాకు ఆ రెండో అమ్మాయిని వేయించండి."

"మీ సంఘం అమ్మాయి బాధపడదూ?"

"పడితే ప్రార్థన చేసుకుంటుంది లెండి. ఇంజెక్షన్ నాకు కదా!"

ఆపరేషనయ్యాక నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఒక్క గుక్క నీళ్లు పొయ్యమ్మా. నేను నీ హెడ్ నర్సుని కదూ," అని బతిమాలింది.

"ఎవరికైనా రూలొకటేనండీ. డాక్టరుగారు చెప్పేదాకా చుక్క కూడా ఇవ్వను," అంటూ ఆ నర్సు తడిదూదితో పెదాలద్దింది. పేషెంటు పేరూ, మందు పేరూ పైకి చదివి, సరిచూసి మరీ ఇంజెక్షన్ చేసింది.

హెడ్ నర్సమ్మ హాయిగా కళ్లు మూసుకుంది. తన సంఘంలో చేరనివాళ్లను కూడా దేవుడు పుట్టించినందుకు మనసారా స్తోత్రం చెప్పుకుంది.