ఎలుగుబంటి తులాభారం

ఒక పెద్ద అడవిలో, అమ్మలారా అయ్యలారా, వనదేవత దయవల్ల అన్నీ ఉండేవి, సభలో సిగ్గు తప్ప. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఆ సభకి అధ్యక్షుడు గుబ్బలయ్య అనే ఎలుగుబంటి. ‘ఎలుగుబంటి మాత్రమే అధ్యక్ష పదవికి అర్హుడు’ అని నిబంధన ఉంది లెండి. రాసింది కార్యదర్శి నక్క పాపయ్య. అడవి మొత్తానికి ఉన్న ఎలుగుబంటి ఒక్క గుబ్బలయ్యే!

ఒకరోజు పాపయ్య చేతులు నలుపుకుంటూ అన్నాడు: “అయ్యగారూ, మీ ఎత్తు బంగారం పోసినా మీలాంటి నాయకుడు దొరకడండీ!”

పొగడ్తని పొగడ్తలా వదిలేస్తే కథెందుకు? గుబ్బలయ్య వీపు గోక్కుంటూ, “అయితే పోయండి” అన్నాడు.

“అడవిలో బంగారం ఎక్కడిదండీ?”

“ఇప్పపువ్వు లేదూ? మనకదే బంగారం. వనదేవతకి తులాభారం మొక్కుకున్నానని చాటించు. మొక్కు అమ్మవారిది. పువ్వు మాత్రం నా గుహలో భద్రంగా ఉంటుంది.”

ఇంటికి తట్టెడు ఇప్పపువ్వు తేవాలి, తక్కెడ సమం అయ్యేదాకా తెస్తూనే ఉండాలి. ఇదీ చాటింపు. అది విని ఉడుత చుక్కమ్మ తన నిల్వ లెక్క చూసుకుంది. ఆమెకి నలుగురు పిల్లలు. వానాకాలం గడవడానికి తొర్రలో ఎండబెట్టి దాచిన పువ్వు తప్ప ఇంకేమీ లేదు.

మద్దిచెట్టు కొమ్మ మీదుగా లావుపాటి తీగ వేసి, దాని రెండు కొసలకీ రెండు పెద్ద తట్టలు పక్కపక్కనే వేలాడదీశారు. ఒకదాంట్లో గుబ్బలయ్య కూర్చున్నాడు. కుందేళ్లు పోశాయి, జింకలు పోశాయి, ముళ్లపంది ఏడుస్తూ పోసింది. గుబ్బలయ్య తట్ట నేలనుంచి కాస్త పైకి లేచింది. గుబ్బలయ్య పక్క తట్టలోకి చెయ్యి చాపి గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.

“అమ్మవారికిచ్చేది కదా! పులిసిందో లేదో చూడొద్దూ?”

అలా చూస్తూనే ఉన్నాడు. ఇటు పోసిన పువ్వు అటు పొట్టలోకి పోతుంటే తక్కెడ ఎప్పటికి సమం అవుతుంది తల్లీ?

చుక్కమ్మ సగం నిల్వ తెచ్చి పోసింది.

“ఏమే, మిగతా సగం?” గద్దించాడు పాపయ్య.

“పిల్లలకండీ బాబూ.”

“అధ్యక్షులవారికంటే నీ పిల్లలు ఎక్కువా?”

ఇంతలో కడుపులో పడ్డ ఇప్పపువ్వు మత్తెక్కించే పని మొదలెట్టింది. గుబ్బలయ్య తట్టలో ఊగుతూ పాటెత్తుకున్నాడు. మధ్యలో గుర్తొచ్చి గర్జించాడు: “తక్కెడ సమం కాకుండా ఈ తట్ట దిగితే నేను ఎలుగుబంటినే కాను! వనదేవత మీద ఆన!”

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కదా! చుక్కమ్మ మాత్రం పూజారి తాబేలు కూర్మాచార్యుల దగ్గరికి చిన్నగా వెళ్లింది.

“పంతులుగారూ, ఎంగిలి పడ్డది అమ్మవారికి పనికొస్తుందా అండీ?”

కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్న ఆచార్యులు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. “శివశివా! ఎంగిలి ఎవరు చేశారే?”

చుక్కమ్మ తోకతో చూపించింది.

“అపచారం! తట్ట ఖాళీ చెయ్యండి! ఎవరి పువ్వు వాళ్లు పట్టుకుపోండి. తులాభారం మళ్లీ మొదటినుంచీ జరగాలి. కూర్చున్నవారు పూర్తయ్యేదాకా ఉపవాసం!”

చెప్పాలా! క్షణంలో తట్ట ఊడ్చేశారు. బరువంతా ఒక పక్కనే ఉండేసరికి గుబ్బలయ్య ధబ్బుమని నేలకి కొట్టుకున్నాడు, తట్టతో సహా. అదే చెట్టు కింద వనభోజనం మొదలైంది. చుక్కమ్మ పిల్లలు బుగ్గలు పూరించి నములుతున్నారు.

గుబ్బలయ్యకి మత్తు దిగింది, ఆకలి ఎక్కింది.

“పాపయ్యా, ఒక్క గుప్పెడు...”

“ఉపవాసం అండీ,” అన్నాడు పాపయ్య, నోటినిండా పువ్వుతో.

అంతే! గుబ్బలయ్య తట్టలోంచి ఒక్క దూకు దూకి పాపయ్య మీద పడ్డాడు.

“దిగాడు!” అంది ముళ్లపంది.

కూర్మాచార్యులు మెడ సాచి, నిదానంగా తీర్పు చెప్పారు. “అమ్మవారి మీద ఆన అది. దిగారు గనక, వీరు ఎలుగుబంటి కారు. ఎలుగుబంటి కానివారు అధ్యక్షులు కాలేరు. నిబంధన రాసింది ఎవరయ్యా?”

పాపయ్య ఆ నిబంధనని తిట్టుకుంటూ పొదల్లోకి దూరాడు. గుబ్బలయ్య “మరి నేనెవర్ని?” అని ఇప్పటికీ కనపడ్డవాళ్లనల్లా అడుగుతూ తిరుగుతున్నాడట.

ఆ వానాకాలం చుక్కమ్మ తొర్ర నిండుగానే ఉంది, తల్లి దయ.

కనుక నాయనలారా, మీ నాయకుణ్ణి బంగారంతో తూచాలనిపిస్తే నిక్షేపంగా తూచండి. రెండో తట్ట మాత్రం ఆయన చేతికి అందకుండా కట్టండి.