క్లెమ్ ఓల్డ్‌రాయిడ్ కొట్టిన ఒకే ఒక్క కిక్

ఆ ఆదివారం పొద్దున క్లెమ్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. నాలుగు గుడ్లూ ఆరు సాసేజీలూ తినడం, మూడింటికి మ్యాచ్ గెలవడం, ఐదింటికి కోచ్ గదిలోకి వెళ్ళి ఇంకో ఏడాది ఆడేందుకు సంతకం పెట్టడం. మొదటిది అప్పటికే దిగ్విజయంగా పూర్తయింది.

"కోచ్ సగ్డెన్ ఇస్తానన్నాడా?" పెనం కడుగుతూ అడిగింది భార్య జోవన్.

"మ్యాచ్ అయ్యాక ఓసారి కనపడమన్నాడు. కనపడమన్నాడంటే ఏంటి? కాగితం రెడీగా ఉందనేగా!"

"నీకు ముప్పై ఆరొచ్చాయి. నిన్న మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నావు."

"గోడ గట్టిగా ఉందో లేదో చూశానంతే."

పద్నాలుగేళ్ళుగా అతను తార్న్‌షా రగ్బీ లీగ్ జట్టు ముందువరసలో నిలబడి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ గుద్దుకోవడమే ఉద్యోగంగా బతికాడు. ముక్కు నాలుగుసార్లు విరిగింది. రెండువందల తొంభై నాలుగు మ్యాచులాడాడు. ఇంకో ఆరు ఆడితే మూడువందలు. ఆదివారం మూడింటికి తను ఇంకెక్కడైనా ఉండటమనేది అతని ఊహకే అందదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం వస్తుందనీ అనుకోలేదు.

అది ఆ ఏటికి సొంతూళ్ళో ఆఖరి మ్యాచ్. మరో రెండు నిమిషాలుందనగా తార్న్‌షా ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గోల్ కిక్‌లు కొట్టే రీస్ అనే కుర్రాడు బంతితో మూలన గీత అవతలికి దూకి ట్రై సాధించాడు కానీ, లేచేసరికి చీలమండ బెణికింది. ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. ట్రై తర్వాత స్తంభాల మధ్యకి కొట్టాల్సిన కిక్ ఇక ఎవరు కొట్టాలి?

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళలో ముందువరస భారీకాయులు జన్మలో గోల్ కిక్ కొట్టరు. ఆట మానేసే రోజున మాత్రం, గౌరవంగా, ఆఖరి కిక్ వాళ్ళ చేతే కొట్టిస్తారు. క్లెమ్ స్వయంగా పదకొండుమందిని అలా చప్పట్లతో సాగనంపాడు. అయినా ఆ క్షణంలో అతని బుర్రనిండా సగ్డెనే ఉన్నాడు. ఈ వయసులో కొత్త విద్య చూపిస్తే ఏడాదేం ఖర్మ, రెండేళ్ళిస్తాడు!

"ఇటివ్వు బంతి" అన్నాడు.

కెప్టెన్ నేథన్ గుడ్లప్పగించాడు. "నిజంగానా క్లెమ్?"

"ఇంతకంటే మంచి టైం ఎప్పుడొస్తుంది?"

నేథన్ అతన్ని వాటేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కిక్కుకే ఏడుస్తారా ఈ కాలం పిల్లలు అనుకున్నాడు క్లెమ్.

అతను బంతి నిలబెట్టి పది అడుగులు వెనక్కి వేసేసరికి నాలుగువేలమంది లేచి నిలబడ్డారు. మైదానమంతా నిశ్శబ్దం. తన ధైర్యానికి జనం నోట మాట రావట్లేదని అతనికి అర్థమైంది. ఛాతీ విరుచుకుని, పరిగెత్తి, ఒక్క తన్ను తన్నాడు. బంతి స్తంభాల వైపు కన్నెత్తి కూడా చూడకుండా పక్కకి దూసుకుపోయి, మాంసం పైలు అమ్మే కొట్టు కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. లోపల గిన్నెలేవో కూలిన చప్పుడైంది. గెలుపుకి కూడా రానంత కేక లేచింది.

ఆట ముగిసిన ఈల మోగాక, ఎదుటి జట్టు గౌరవంగా దారిచ్చి రెండు వరసలుగా నిలబడటం చూశాడు. తన ముక్కు రెండుసార్లు విరగ్గొట్టిన డగ్గీ మాస్క్రాఫ్ట్ వచ్చి చెయ్యి కలిపాడు. "నీలాంటివాడు మళ్ళీ దొరకడురా. ఇక ఎవర్ని కొట్టను నేను?"

"ఎందుకూ, నన్నే కొట్టు" అన్నాడు క్లెమ్ అయోమయంగా.

ఈలోగా మైకులో ప్రకటన. "పద్నాలుగేళ్ళ ఆటకి ఈ రోజు వీడ్కోలు చెబుతున్న మన క్లెమ్!"

అప్పుడుగానీ క్లెమ్‌కి తను ఏం చేశాడో తెలిసిరాలేదు. ఆరుగురు అతన్ని భుజాలకెత్తుకోబోయి ఒకసారి కింద పడేశారు, రెండోసారికి ఎత్తారు. చేతికి మైకు అందింది. ఇదే అదను అనుకుని ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. "నేనెక్కడికీ పోవట్లేదు! ఇక్కడే ఉంటాను!"

ఊరి మీద ఎంత ప్రేమ అని నాలుగువేలమందీ భోరుమన్నారు.

కంచె దగ్గర జోవన్ అతని మెడ పట్టుకుని వదల్లేదు. "నాతో ఒక్క మాటైనా అన్నావు కాదు! ప్రతి ఆదివారం నిన్ను ముక్కలుగా తెస్తారేమోనని చచ్చేదాన్ని, తెలుసా?" పెళ్ళయ్యాక ఆమె ఏడవడం అతను చూడటం అదే మొదటిసారి.

ఐదింటికి కోచ్ గది వైపు నడుస్తూ ఒకే వాక్యం వల్లించాడు. 'ఇదంతా పొరపాటు, నేను మానట్లేదు.' సగ్డెన్ ఒప్పుకుంటాడు. ఎందుకొప్పుకోడు? తలుపు తోశాడు.

సగ్డెన్ ముక్కు చీదుకుంటున్నాడు. కొయ్యలాంటి మనిషి. సొరుగులోంచి ఒక కవరు తీశాడు.

"గురువారం రాశానిది. వచ్చే ఏడాది నీకు చోటు లేదని. మూడు రోజులుగా ముద్ద దిగట్లేదు నాకు. ఎంతోమందిని తీసేశాను గానీ, నీకెలా చెప్పాలో తెలీలేదు." కవరుని రెండుగా చింపాడు. "నువ్వే ముందు తెలుసుకున్నావు. పెద్దమనిషివయ్యా."

క్లెమ్ ఆ ముక్కలకేసి చూశాడు. మూడువందలు లేవు. ఆదివారాలు లేవు. బయట జనం ఇంకా అతని పేరే పాడుతున్నారు. వల్లించుకున్న వాక్యాన్ని కష్టమ్మీద మింగేశాడు.

"ఎప్పుడు నిర్ణయించుకున్నావ్?" అడిగాడు సగ్డెన్.

"చాలా రోజులైందిలే" అన్నాడు క్లెమ్. "నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని."

ఇప్పుడు తార్న్‌షాలో ఆట ఎప్పుడు మానాలో తేల్చుకోలేని ప్రతివాడూ సలహాకి క్లెమ్ ఇంటికే వస్తాడు. టైమొచ్చినప్పుడు మనకే తెలిసిపోతుందని అతను ఎంతో ధీమాగా చెబుతాడు. ఎలా తెలుస్తుందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.